రేవు ఇచ్చిన మాట

భిలాయి ఉక్కు కర్మాగారంలో బొగ్గు వ్యాగన్లు వచ్చి ఆగే చోట టిప్లర్ అనే యంత్రం ఉంటుంది. నిండు వ్యాగన్‌ను పట్టాలతో సహా గట్టిగా పట్టుకుని, బిందె వంచినట్టు బోర్లించేస్తుంది. యాభై అరవై టన్నుల బొగ్గు ఒక్క ఊపున కింద గోతిలోకి జారుతుంది. నల్లటి దుమ్ము లేస్తుంది. ఖాళీ వ్యాగన్ మళ్లీ నిటారుగా నిలబడి ముందుకు కదులుతుంది, వెనకాల ఇంకొకటి వచ్చి దాని చోట్లో నిలుస్తుంది. రాత్రీ పగలూ ఇదే పని. ఆ బొగ్గులో కొంత జార్ఖండ్ గనులది. మిగతాది ఆస్ట్రేలియా నుంచి ఓడెక్కి, హిందూ మహాసముద్రం దాటి, విశాఖపట్నం ముందు లంగరు వేసుకుని, తన వంతు కోసం ఎదురుచూసి వచ్చింది.

భిలాయికి సముద్రం కనుచూపు మేరలో లేదు. దుర్గ్ నుంచి విశాఖకు రైలు దారి సుమారు 565 కిలోమీటర్లు. అయినా ఛత్తీస్‌గఢ్ మైదానంలోని ఈ ఉక్కు ఊరికి విశాఖే రేవు. రాయపూర్ మీదుగా రాయగడ, పార్వతీపురం, విజయనగరం దాటి తీరం చేరే దారి అటు బొగ్గును మోసింది, ఇటు మనుషులనూ మోసింది. ఉత్తరాంధ్ర నుంచి ఉద్యోగాలకు వచ్చి సెక్టార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు సంక్రాంతికి ఊరెళ్లేదీ, తిరిగొచ్చేటప్పుడు పచ్చళ్ల జాడీలు తెచ్చుకునేదీ ఆ దారినే. 2024 సెప్టెంబరు నుంచి ఆ పట్టాల మీద వందే భారత్ కూడా తిరుగుతోంది.

ఓడ ఆగడానికి ఒక చోటు కావాలి. ఆ చోటును ఎవరో ఒకరు ఇవ్వాలి. అడగడం ఎలా, ఇచ్చేవాడు ఏం పుచ్చుకుంటాడు, ఇచ్చిన మాట మీద ఎంతవరకు నిలబడతాడు అన్న ప్రశ్నలకు తెలుగు తీరం దాదాపు 780 ఏళ్ల కిందటే రాతపూర్వకంగా జవాబు చెప్పింది. ఆ జవాబు బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో ఉంది. ఊరి పేరు మోటుపల్లి.

ఈ రోజు మోటుపల్లికి వెళ్లినవాళ్లకు ఒకప్పటి మహా రేవు ఆనవాలు పట్టుకోవడం కష్టం. ఇసుక, సరుగుడు చెట్లు, కాస్త దూరంలో సముద్రం. ఊళ్లో వీరభద్రాలయం. ఆ గుడి మండపంలోని ఒక స్తంభం మీద కాకతీయ గణపతిదేవ చక్రవర్తి చెక్కించిన శాసనం ఉంది. శక సంవత్సరం 1166, క్రోధి నామ సంవత్సరం. క్రీస్తు శకంలో చెప్పాలంటే 1244-45. దాని పేరు అభయశాసనం. ఆ పేరే చాలా మాట్లాడుతుంది. రాజులు భూములిచ్చినట్టు, అగ్రహారాలిచ్చినట్టు శాసనాలు కోకొల్లలు. భయపడకండి అని సముద్రం మీద తిరిగే అపరిచితులకు చెప్పిన శాసనం అరుదు.

అందులో చెప్పిన సంగతి ఇది. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బయల్దేరిన ఓడ తుఫానుకు చిక్కి, దారి తప్పి, ముక్కలై ఈ ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారు. గణపతిదేవుడు ఇకపై అలా జరగదన్నాడు. ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రానికి ఎదురెళ్లిన వర్తకుడి కష్టాన్ని గుర్తించి, నిర్ణయించిన సుంకం తప్ప మిగిలినదంతా అతనికే వదిలేస్తున్నానన్నాడు. ఆ దయకు కారణం కూడా చెప్పుకున్నాడు: కీర్తి కోసం, ధర్మం కోసం.

కీర్తి, ధర్మం సరే, లెక్క కూడా అంత స్పష్టంగానే రాయించాడు. ఎగుమతి దిగుమతుల మీద సుంకం ముప్పయ్యో వంతు. గంధం, కర్పూరం, చైనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పునుగు, రాగి, సీసం, పట్టు దారం, పగడాలు, మిరియాలు, వక్కలు, ఇలా సరుకుల పట్టీ ఉంది. వేటికి తూకాన్ని బట్టి, వేటికి విలువను బట్టి, వేటికి లెక్కను బట్టి అన్నది విడివిడిగా ఉంది. చదువుతుంటే ధర్మశాసనం లాగానే కాక, నేటి పోర్టు గేటు దగ్గర వేలాడదీసిన రేట్ల బోర్డు లాగానూ ఉంటుంది. ఓడ యజమానికి నిజమైన ధైర్యం ఇచ్చేది ఈ రెండో భాగమే. ఎంత కట్టాలో బయల్దేరే ముందే తెలిస్తే, అక్కడికెళ్లాక ఏ అధికారి ముఖం చూడాలో అన్న బెంగ ఉండదు.

ఈ మాట ఎంత ముందుచూపుతో అన్నదో తెలియాలంటే అప్పటి ప్రపంచాన్ని చూడాలి. పగిలిన ఓడ సరుకు ఒడ్డు దొరదే అన్నది ఐరోపా తీరాల్లోనూ చాలాకాలం నడిచిన పద్ధతి. ఇంగ్లండులో మొదటి ఎడ్వర్డు 1275లో తెచ్చిన వెస్ట్‌మినిస్టర్ చట్టం దానికి ఒక హద్దు పెట్టింది. ఓడలోంచి ఒక మనిషో, కుక్కో, పిల్లో ప్రాణాలతో బయటపడితే దాన్ని పగిలిన ఓడగా లెక్కించకూడదని, యజమాని ఏడాదీ ఒక రోజులోగా వచ్చి హక్కు చూపిస్తే సరుకు తిరిగివ్వాలని అన్నది. అంటే పిల్లి బతికితేనే సరుకు దక్కుతుంది! మోటుపల్లి స్తంభం మీద అలాంటి షరతు లేదు. పైగా ఆ స్తంభం ముప్పై ఏళ్లు ముందుది.

ఆ మాటకు ఫలితం దక్కిందా? కాకతీయ రాజ్యానికి వచ్చిన మార్కో పోలో మోటుపల్లిని ముత్ఫిలి అన్నాడు. భర్త పోయాక రాజ్యాన్ని న్యాయంగా ఏలిన రాణి గురించి, వజ్రాల గురించి, సాలెగూడులా నేసిన సన్నటి బట్టల గురించి రాశాడు. ఆ రాణి రుద్రమదేవి అని చరిత్రకారులు గుర్తించారు. ఆమె గణపతిదేవుడి కూతురు. భార్య అనుకోవడం పోలో పొరపాటు. రేవు మాత్రం నిండుగా ఉందనడానికి అతని మాట సాక్ష్యం.

రాజవంశం మారినా రేవు తన మాటను మళ్లీ చెప్పుకోవాల్సి వచ్చింది. కాకతీయులు పడిపోయాక కొండవీటి రెడ్ల కాలంలో, 1358లో, అనవోతారెడ్డి అదే మోటుపల్లిలో ఇంకో శాసనం వేయించాడు. అది తెలుగు, తమిళం, సంస్కృతం, మూడు భాషల్లో ఉంది. ఓడలెక్కి వచ్చేవాడికి అర్థమయ్యే భాషలో రాయకపోతే అభయానికి అర్థం లేదని ఆ పాలకులకు తెలుసు. అక్కడ స్థిరపడదలచిన వర్తకులకు భూములు, వెళ్లిపోదలచినవాళ్లకు స్వేచ్ఛ, కొన్ని సుంకాల్లో తగ్గింపు ప్రకటించాడు. ఆ రాజ్యంలోనే అవచి తిప్పయ సెట్టి దేశదేశాల సుగంధ ద్రవ్యాలు, పట్టు, గుర్రాలు తెప్పించి గొప్పవాడయ్యాడు. శ్రీనాథుడు హరవిలాసాన్ని అతనికే అంకితమిచ్చాడు.

మోటుపల్లి వెనకబడ్డాక వంతు మచిలీపట్నానిది. అక్కడివాళ్లు ఊరిని బందరు అనే పిలుస్తారు. పారశీకంలో ఆ మాటకు అర్థమే రేవు. లంగరు కూడా పారశీకం నుంచి వచ్చిన మాటే. గోల్కొండ కాలంలో రేవు పెద్దను షాబందరు అనేవారు. సుల్తాను రాసిచ్చే హామీకి కౌలు అని పేరు. అరబ్బీలో కౌలు అంటే మాట, నోటి మాట. ఇప్పుడు తెలుగు రైతుకు కౌలు అంటే పొలం అద్దె. అసలు అర్థం ఇచ్చిన మాట అన్నదే. తెలుగు తీరం మీద ఆ మాటను ఓడలకూ ఇచ్చారు.

1606లో డచ్చివాళ్లు గోల్కొండ నుంచి అలాంటి హామీ సంపాదించారు. బందరులోను, మోటుపల్లికి దగ్గర్లోనే ఉన్న నిజాంపట్నంలోను వాళ్లు కట్టాల్సింది 4 శాతం. 1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు కంపెనీ ఓడ బందరు ముందు ఆగింది. ఆ తీరం లోతు తక్కువ. పెద్ద ఓడలు మైళ్ల దూరంలోనే లంగరు వేసుకోవాలి, సరుకు చిన్న పడవల మీద ఒడ్డు చేరాలి. అంటే సముద్రంలో నిలబడటానికి ఎవరూ అడ్డు చెప్పకపోయినా, ఒడ్డున సరుకు దించడానికి ఊరి అధికారి అయిన హవల్దారు ఇష్టమే శాసనం. గ్లోబ్‌లో వచ్చిన పీటర్ ఫ్లోరిస్ అనే వర్తకుడు ఆ బాధ పడినవాడే. ఇవ్వాల్సిన డబ్బు ఎన్నాళ్లకూ రాకపోయేసరికి, 1614లో ఊరి అధికారి కొడుకును పట్టుకెళ్లి ఓడలో కూర్చోబెట్టాడు. బాకీ వసూలైంది. రాత మీద నమ్మకం లేని రేవులో వర్తకం ఎలా నడిచేదో ఈ ఒక్క ఘటన చాలు.

ఆ అనుభవాల తర్వాత ఇంగ్లీషు కంపెనీ గట్టి రాత కోసం పట్టుబట్టింది. అబ్దుల్లా కుతుబ్‌షా 1632లో ఇచ్చిన దాన్ని బంగారు ఫర్మానా అంటారు. ఏడాదికి 500 వరహాలు కట్టి గోల్కొండ రేవులన్నింటిలో వ్యాపారం చేసుకోవచ్చు. గణపతిదేవుడు ముప్పయ్యో వంతు అన్నది ఏ ఓడకైనా, ఎవరికైనా. ఈ ఫర్మానా ఒక కంపెనీకి మాత్రమే. అందరికీ ఒకే రేటు అన్న అభయం, కొందరికి ప్రత్యేక తగ్గింపుగా మారినప్పుడు రేవు స్వభావమే మారిపోయింది. ఆ తర్వాత నూట యాభై ఏళ్లలో ఫర్మానా అడిగినవాడే ఫర్మానా ఇచ్చేవాడయ్యాడు.

ఉత్తరాన భీమునిపట్నం, విశాఖపట్నం కూడా చాలాకాలం ఇలాగే బతికాయి. ఓడ దూరంగా నిలిచేది, కొబ్బరి పీచు తాళ్లతో పలకలను కుట్టిన మసూలా పడవలు కెరటాల మీద ఎగురుతూ సరుకు చేరవేసేవి. మేకు ఒక్కటీ ఉండదు కాబట్టి పడవ ఇసుకకు తగిలినా విరగదు, వంగుతుంది. పందొమ్మిదో శతాబ్ది చివర్లో విజయనగరం ప్రాంతంలో మాంగనీసు తవ్వకం మొదలయ్యాక ఆ పద్ధతి చాలలేదు. మధ్య పరగణాల ఖనిజానికి దగ్గరి రేవు కావాలి. అదే ఇప్పటి ఛత్తీస్‌గఢ్, బాలాఘాట్ ప్రాంతాల ఖనిజం. భిలాయికి, విశాఖకు ముడి పడింది ఉక్కు కర్మాగారం పుట్టడానికి ముందే.

బెంగాల్ నాగపూర్ రైల్వే పార్వతీపురం నుంచి రాయపూర్ దాకా లైను పూర్తి చేసింది 1931లో. రేవు పని కూడా భారత ప్రభుత్వం తరఫున ఆ కంపెనీయే చూసింది. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున మేఘాద్రి గెడ్డ కలిసే బురదనేలను తవ్వి, తవ్విన మట్టితో చుట్టూ పల్లాన్ని పూడ్చారు. ముఖద్వారానికి ఇసుక అడ్డుపడకుండా రెండు పాత ఓడలను తెచ్చి అక్కడ ముంచారు. విశాఖ రేవులో శాశ్వతంగా నిలిచిపోయిన మొదటి ఓడలు అవే. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ ఓడ జలదుర్గ లోపలికి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు. మూడు బెర్తులు, ఏడాదికి 1.3 లక్షల టన్నుల సామర్థ్యం. 2023-24లో ఆ పోర్టు దాటించిన సరుకు 8 కోట్ల టన్నులు మించింది.

భిలాయి కథ, ఈ రేవు కథ ఇద్దరు మనుషుల చేతుల మీదుగా కూడా కలుస్తాయి. 1941 జూన్ 21న విశాఖలో సింధియా ఓడల కర్మాగారానికి పునాది రాయి వేసింది రాజేంద్ర ప్రసాద్. ఆయనే రాష్ట్రపతి హోదాలో 1959 ఫిబ్రవరి 4న భిలాయి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. 1948 మార్చి 14న విశాఖలో జల ఉష ఓడను నీళ్లలోకి దించిన నెహ్రూ ప్రభుత్వమే, 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో భిలాయి ఒప్పందం చేసుకుంది. దేశానికి ఓడలు, ఉక్కు రెండూ సొంతంగా కావాలన్న పట్టుదల అది. 2022 సెప్టెంబరు 2న నౌకాదళంలో చేరిన విక్రాంత్ విమానవాహక నౌకకు సెయిల్ కర్మాగారాలు సుమారు 30 వేల టన్నుల ప్రత్యేక ఉక్కు ఇచ్చాయి. అందులో భిలాయి పలకలూ ఉన్నాయి. సముద్రం చూడని ఊరి ఉక్కు సముద్రం మీద తేలుతోంది.

ఇంతకీ ఇప్పుడు బొగ్గు ఓడకు నిలవడానికి చోటు ఎలా దొరుకుతుంది? స్తంభం మీది శ్లోకాల స్థానంలో చట్టాలు వచ్చాయి. 1908 నాటి భారత రేవుల చట్టం ఓడ ఎక్కడ లంగరు వేయాలో, ఏ బెర్తుకు కట్టాలో, ఎప్పుడు కదలాలో చెప్పే అధికారాన్ని రేవు సంరక్షణాధికారికి, ఆయన కింద హార్బర్ మాస్టర్‌కు ఇచ్చింది. ఆ చట్టం వర్తించిన పెద్ద రేవుల్లో 200 టన్నులు దాటిన ఓడ పైలట్ లేకుండా లోపలికి రాకూడదన్న నిబంధన ఉండేది. నూట పదిహేడేళ్లు నడిచిన ఆ చట్టం స్థానంలో 2025లో కొత్తది వచ్చింది. 2021 నాటి చట్టంతో విశాఖ పోర్టు ట్రస్టు పేరు పోర్టు అథారిటీగా మారింది.

పనిలోకి దిగితే ఇలా ఉంటుంది. ఓడ రాకముందే ఏజెంటు కాగితాలు పంపుతాడు. ఓడ పొడవు, నీటిలో మునిగే లోతు, సరుకు, సిబ్బంది, ఇంతకుముందు ఆగిన రేవులు. రోజూ జరిగే బెర్తుల సమావేశంలో ఎవరి తర్వాత ఎవరన్నది తేలుతుంది. అప్పటిదాకా ఓడ బయటి సముద్రంలో లంగరు మీద ఉంటుంది. సాయంత్రం పూట ఆర్కే బీచ్‌లో మొక్కజొన్న పొత్తు తింటూ కూర్చున్నవాళ్లకు దూరంగా దీపాల వరస కనిపిస్తుందే, అది ఆ క్యూ. దించడం ఆలస్యమైతే సరుకు తెప్పించుకున్నవాళ్లు ఓడ యజమానికి రోజు లెక్కన డెమరేజీ కట్టాలి. ఆ ఖర్చు చివరికి భిలాయిలో కరిగే ఇనుము మీద పడుతుంది. ముప్పయ్యో వంతు సుంకం ఉన్న రోజుల్లో వర్తకుడికి లేని బెంగ ఇది. సుంకం ముందే తెలుస్తుంది, నిరీక్షణ తెలియదు.

వంతు వచ్చాక పైలట్ తాళ్ల నిచ్చెన పట్టుకుని ఓడెక్కుతాడు. టగ్గులు రెండు మూడు ముందూ వెనకా పట్టుకుని నెమ్మదిగా లోపలికి నడిపిస్తాయి. బెర్తు దగ్గరకు రాగానే ఓడ మీది నావికుడు చివర బరువు ముడి వేసిన సన్నని తాడు విసురుతాడు. అది గాల్లో విచ్చుకుని ఒడ్డున పడుతుంది. కింద నిలబడ్డ మూరింగ్ కార్మికులు దాన్ని అందుకుని గుంజుతారు. సన్న తాడు వెనకే లావుపాటి తాడు, నీళ్లు కారుతూ, పాములా ఒడ్డెక్కుతుంది. దాని చివర ఉన్న పెద్ద ఉచ్చును నలుగురైదుగురు భుజాల మీద మోసుకెళ్లి ఇనుప బొల్లార్డుకు తగిలిస్తారు. ఓడ మీద వించి తిరుగుతుంది, తాడు బిగుస్తుంది. ఆ తాడు తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది, మనిషి కాలు తెగిపోయేంత వేగంతో. అందుకే అనుభవమున్న మేస్త్రీ తాడు బిగిసే వరసలో ఎవరినీ నిలబడనివ్వడు. అనుమతి అన్న మాటకు ఇంత బరువు ఉంటుంది, అది కాగితం మీద కనిపించదు.

తుఫాను వచ్చినప్పుడు అసలు పరీక్ష. 2020 అక్టోబరులో సరుకు దించి విశాఖ బయట లంగరు మీదున్న బంగ్లాదేశ్ ఓడ మా, వాయుగుండం గాలికి లంగరు నిలవక కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు రాళ్ల మీద ఎక్కింది. 15 మంది సిబ్బందీ క్షేమంగా బయటపడ్డారు. చాలా రోజులు అది ఊరికి చూడముచ్చట. దాన్ని తేలే హోటలుగా మార్చాలన్న ఆలోచన కూడా నడిచింది. కానీ ఓడ ఎవరిదన్న ప్రశ్నకు ఎవరూ తడుముకోలేదు. అప్పటి 1958 నౌకా చట్టంలో పగిలిన ఓడకు ఒక అధ్యాయమే ఉండేది, యజమాని హక్కు నిరూపించుకోవడానికి ఏడాది గడువు ఉండేది. యజమానిది యజమానికే అన్న మాటే మోటుపల్లి స్తంభం చెప్పింది.

ప్రపంచం మాత్రం ఆ పాఠాన్ని మళ్లీ మళ్లీ నేర్చుకోవాల్సి వస్తోంది. 2002 నవంబరులో స్పెయిన్ తీరం ముందు చమురు ఓడ ప్రెస్టీజ్ చిల్లు పడి ఆశ్రయం అడిగింది. దగ్గరికి రానివ్వకుండా నడి సముద్రంలోకి తరిమారు. ఆరు రోజులకు రెండు ముక్కలై మునిగింది, చమురు అదే తీరానికి వచ్చి పడింది. మరుసటి ఏడాది అంతర్జాతీయ సముద్రయాన సంస్థ, కష్టంలో ఉన్న ఓడకు ఆశ్రయం ఇవ్వడం గురించి మార్గదర్శకాలు రాసుకుంది. గణపతిదేవుడు చెక్కించిన మాటకు అది 759 ఏళ్ల తర్వాతి రూపం.

అభయం పెద్ద ఓడలకే పరిమితమైతే ఆ మాట సగమే. తెలుగు తీరంలో మత్స్యకారుడు తెప్పను ఇసుక మీదికి లాక్కోవడానికి తరతరాలుగా ఎవరి అనుమతీ అడగలేదు. ఒడ్డు అతనిదే. మరపడవలు వచ్చాక రిజిస్ట్రేషన్, 1994 నాటి రాష్ట్ర చట్టం కింద లైసెన్సు వచ్చాయి, చోటు మాత్రం ఆ వేగంతో పెరగలేదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధంలో విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో పడవలన్నీ ఒకదానికొకటి ఆనుకుని నిలుస్తాయి. ఒక పడవలోంచి ఇంకో పడవలోకి అడుగేసుకుంటూ చివరిదాకా నడిచి వెళ్లవచ్చు. 2023 నవంబరు 19 రాత్రి ఆ హార్బర్‌లో నిప్పు రాజుకున్నప్పుడు పదుల సంఖ్యలో పడవలు కాలిపోయాయి. ఒకే తాడు మీద బతికే కుటుంబాలకు ఒక్క రాత్రిలో తాడూ పోయింది, పడవా పోయింది.

విశాఖ పక్కనే ఉన్న గంగవరంలోనూ ఇంకో రకంగా మత్స్యకారుడికి చోటు కరువైంది. భిలాయి లాంటి కర్మాగారాలకు బొగ్గు దించగల లోతైన రేవు అక్కడ కట్టారు, 2009లో ప్రారంభమైంది. తాము పడవలు నిలుపుకునే చోటు పోయిందని గంగవరం, దిబ్బపాలెం మత్స్యకారులు జెట్టీ కోసం ఏళ్ల తరబడి ఆందోళన చేశారు. ఉక్కు కావాలి, బొగ్గు కావాలి, రేవు కావాలి. ఇవన్నీ నిజమే. మోటుపల్లి శాసనం సముద్రం మీద ప్రాణం పణంగా పెట్టినవాడికి మాట ఇచ్చింది. గంగవరం మనిషి రోజూ తెల్లవారుజామున పెట్టే పణం అదే కాబట్టి, అతని జెట్టీ కూడా ఆ మాటలో భాగమే.

బొగ్గు దించడం పూర్తయ్యాక ఓడకు వెళ్లడానికి కూడా అనుమతి కావాలి. పోర్టు బాకీలు తీరాయని, కస్టమ్స్ వాళ్లకు అభ్యంతరం లేదని కాగితం వస్తుంది. మళ్లీ అదే పైలట్, అవే టగ్గులు. ఈసారి కార్మికులు బొల్లార్డు మీంచి ఉచ్చు ఎత్తి నీళ్లలోకి వదిలేస్తారు. తాడు ఛప్పున పడి, ఓడ వైపు జారిపోతుంది. బయట దీపాల వరసలో ఒకటి లంగరు ఎత్తడం మొదలుపెడుతుంది. ఇటు యార్డులో నిండిన రేక్ ఒకటి సింహాచలం నార్త్ దాటి విజయనగరం వైపు మళ్లుతుంది. భిలాయిలో టిప్లర్ దగ్గర తెల్లారి షిఫ్టు వాళ్లు దాని కోసం చూస్తుంటారు.